వైకల్య పునఃపరిశీలన: పాత కాగితాల విలువ

ఊళ్లో కాలేజీ చదువు చదువుతున్న వారిచేత ఇరుగుపొరుగువారు ప్రభుత్వ కాగితాలు చదివించుకోవడం మన దేశంలో ఎంతోకాలంగా ఉన్న ఆచారమే. ఇటీవలి సంవత్సరాలలో అటువంటి కాగితాలలో ఒకటి తరచుగా కనిపిస్తున్నది. వికలాంగుల పింఛను పొందుతున్న ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుల ఎదుట హాజరు కావలసిందనీ, తన వైద్య పత్రాలను వెంట తీసుకొని రావలసిందనీ అందులో ఉంటుంది. చదివి వినిపించడంతో పని ముగియదు. "డాక్టరు దగ్గరికి వెళ్లి పదేళ్లయింది బాబూ, ఇప్పుడు కాగితాలు ఎక్కడివి?" అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. దానికి సమాధానం చెప్పాలంటే చట్టం కొంత, ఆసుపత్రుల పద్ధతి కొంత తెలిసి ఉండాలి.

కొత్త కాగితాలు ఎందుకు ఉండవో ముందుగా గ్రహించడం అవసరం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. వీరిలో ఎందరికో వైద్యుని వద్ద పొందవలసిన చికిత్స ఏదీ మిగిలి లేదు. పోలియో సంగతే చూడండి. మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి బిడ్డ 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో జబ్బుపడింది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వ్యాధి పోయింది, కాని 1970లలోనూ 80లలోనూ దాని బారిన పడిన పిల్లలు ఇప్పుడు నడివయస్సు మనుషులై మన మధ్యనే ఉన్నారు. ఎప్పుడో సన్నబడిపోయిన కాలికి మందు లేదు. మందు లేనప్పుడు ఆసుపత్రికి వెళ్లరు, వెళ్లనప్పుడు చీటీ పుట్టదు. మరికొందరి విషయంలో కారణం వేరు. పట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది, తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఇల్లు మారినప్పుడో, వరద వచ్చినప్పుడో ఉన్న కాగితాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

కనుక కొత్త కాగితం లేకపోవడం జబ్బు నయమైందనడానికి నిదర్శనం కాదు. అయితే బల్లకు అవతల కూర్చున్న వైద్యునికి ఈ సంగతి తనంతట తానుగా తెలియదు. ఆయన ముందు ఆనాడు వరుసలో ఎందరో ఉంటారు. తెలియజెప్పే భారం, న్యాయమైనా కాకపోయినా, వచ్చినవారి మీదనే పడుతున్నది.

చట్టం ఏమంటున్నది

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ సంఖ్యను 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ వ్యాధులు, పార్కిన్‌సన్స్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితుల స్థితి మొదలైనవి ఇప్పుడు ఈ పరిధిలోకి వచ్చాయి. (చట్టం తెలుగు పేరులో దివ్యాంగులు అన్న మాట వాడుకలోకి వచ్చినా, పాత పత్రాలన్నింటిలో వికలాంగులు అనే ఉన్నందువల్ల ఇక్కడ ఆ మాటనే వాడుతున్నాను.) 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు అధికార వైద్యులు ధ్రువీకరిస్తే చాలా సదుపాయాలకు అర్హత కలుగుతుంది. చట్టంలోని 58వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువీకరణ పత్రం దేశమంతటా చెల్లుతుంది. భివండీ మగ్గాల మీద పనిచేసే కరీంనగర్ నేతపనివానికిగాని, హైదరాబాదులో ఇటుకలు మోసే ఒడిశా కూలీకిగాని ఇది చిన్న విషయం కాదు.

2017లో వచ్చిన నిబంధనలు మరొక ముఖ్యమైన భేదం చూపుతున్నాయి. కాలక్రమంలో హెచ్చుతగ్గులకు అవకాశం లేని వైకల్యానికి శాశ్వత పత్రం ఇవ్వాలి. మార్పుకు అవకాశం ఉన్నచోట ఎంతకాలం చెల్లుతుందో పత్రంలోనే రాయాలి. కాబట్టి నోటీసు వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని ఇంట్లోని పత్రం తీసి, కాలపరిమితి అన్నచోట ఏమి రాసి ఉన్నదో చూడడం. మన తెలుగు జిల్లాలలో దీనిని ప్రజలు సదరం సర్టిఫికెట్టు అంటారు. కొందరి వద్ద యు.డి.ఐ.డి. అని వ్యవహరించే జాతీయ గుర్తింపు కార్డు ఉంటుంది. శాశ్వతమని రాసి ఉంటే ఆ మాటను వైద్యులకు చూపించవలసిందే. కాని శాశ్వత పత్రం ఉన్నది కదా అని హాజరు కాకుండా ఊరుకోవడం పొరపాటు. రాలేదన్న ఒక్క కారణంతోనే పింఛను నిలిచిపోయే ప్రమాదం ఉన్నది.

పునఃపరిశీలన జరపడాన్ని నేను తప్పుపట్టను. తప్పుడు పత్రాలతో పింఛను తీసుకున్నవారు లేకపోలేదు. ఆ సొమ్ము కూడా నిజమైన వికలాంగునికి చెందవలసినదే. పైగా ఇందులో ఇమిడి ఉన్న మొత్తం పేద కుటుంబానికి స్వల్పమైనది కాదు. ఇందిరా గాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద 80 శాతం వైకల్యం గల పేదలకు కేంద్రం వాటాగా నిర్ణయించినది నెలకు 300 రూపాయలు మాత్రమే. మిగిలినది రాష్ట్రాల ఔదార్యం. తెలంగాణ 2023లో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 రూపాయలకు పెంచాయి. ఇంటి బియ్యం, మందులు, కొన్ని ఇళ్లలో మనుమల ఫీజులు కూడా దీనిమీదనే నడుస్తాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛనుదారులను తిరిగి పరీక్షించి, శాతం తగ్గినట్లు తేలినవారికి నోటీసులు పంపినప్పుడు కలిగిన కలవరానికి కారణం ఇదే. నిజంగా అర్హత లేనివారితో పాటు, తమ అర్హతను చూపుకోలేకపోయినవారు కూడా ఆ కలవరంలో ఉన్నారు. ఈ రెండవ వర్గాన్ని ఉద్దేశించినదే ఈ వ్యాసం.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

ఇంట్లో లేనంత మాత్రాన కాగితం లోకంలోనే లేదనుకోరాదు. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేర్చుకొని చికిత్స చేసిన రోగి వివరాలను చికిత్స మొదలైన నాటి నుంచి మూడు సంవత్సరాలపాటు వైద్యుడు భద్రపరచాలి. రోగిగాని, అతని తరఫున అధికారం పొందినవారుగాని కోరితే 72 గంటలలోగా ఆ పత్రాలు ఇవ్వాలి. ప్రైవేటు నర్సింగ్ హోము గుమాస్తా "ఇప్పుడు కుదరదు" అని పంపివేసినప్పుడు ఈ నిబంధనను పేర్కొంటూ ఒక దరఖాస్తు రాసి ఇవ్వడం ఉపయోగపడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు. మానసిక రోగులకు తమ వైద్య వివరాలు పొందే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రత్యేకంగా కల్పించింది. ముప్ఫై రోజుల గడువు గల దరఖాస్తును పరీక్షకు వారం ముందు పెట్టి ప్రయోజనం లేదు. నోటీసు వచ్చేదాకా ఆగకుండా, పత్రం గడువు ముగిసే ఏడాదిలోనే ఈ పని ఆరంభించడం మేలు.

వైద్యుడు రాయని కాగితాలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఇది చాలామంది ఎరుగని సంగతి. 1972లో కాన్పూరులో స్థాపితమైన కృత్రిమ అవయవాల తయారీ సంస్థ, జనం నోట అలింకో, దేశమంతటా శిబిరాలు పెట్టి మూడు చక్రాల బండ్లు, ఊతకర్రలు, వినికిడి యంత్రాలు పంచుతూ వచ్చింది. ఆ శిబిరంలో ఇచ్చిన రసీదు మీద తేదీ ఉంటుంది. రైలు రాయితీ కోసం ప్రభుత్వ వైద్యుడు సంతకం చేసిన పత్రం, ఆర్.టి.సి. పాసు, పిల్లల విషయంలో భవిత కేంద్రంలోని నమోదు, బడి పరీక్షలలో అదనపు సమయం ఇచ్చిన ఉత్తర్వు, ఇవన్నీ ఆయా సంవత్సరాలలో ఆ మనిషి స్థితి ఏమిటో చెప్పే ఆధారాలే. మందుల షాపు బిల్లులు, వాడిన మాత్రల అట్టలు కూడా పారవేయరాదు. వీటిలో ఏ ఒక్కటీ శాతాన్ని నిర్ణయించదు. కాని ఇరవై ఏళ్లుగా ఒకే కథ చెబుతున్న నాలుగు కాగితాలను చూసిన వైద్యుడు ఐదవ ప్రశ్న వేసే తీరు వేరుగా ఉంటుంది.

ఏ కాగితం పాతబడుతుంది, ఏది పాతబడదు అన్నది వైకల్యాన్ని బట్టి మారుతుంది. తెగిపోయిన చేయి గురించి నిన్నటి చీటీ అక్కరలేదు. సికిల్ సెల్ వ్యాధి పుట్టుకతో వచ్చేది. రక్తపరీక్షలో ఒకసారి తేలిన నిర్ధారణ పదేళ్ల నాటిదైనా నిర్ధారణే. మన్యం ప్రాంతాలలో ఈ వ్యాధి గలవారు నొప్పి రాని రోజున చూడటానికి ఆరోగ్యవంతుల వలెనే ఉంటారు కాబట్టి, ఏడాదిలో ఎన్నిసార్లు నొప్పి వచ్చింది, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు అన్నదే అక్కడ ముఖ్యం. ఈ లెక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో కొంత, ఆశా కార్యకర్త జ్ఞాపకంలో కొంత దొరుకుతుంది. చూపు, వినికిడి లోపాలకు పరీక్షలు బోర్డు ఉన్న ఆసుపత్రిలోనే చేస్తారు. అందుకోసం ముందుగా ప్రైవేటులో డబ్బు ఖర్చుపెట్టడం అనవసరమని నా అభిప్రాయం.

మానసిక వ్యాధుల విషయంలో పాత చీటీ విలువ ఇంకా ఎక్కువ. వీటి తీవ్రతను కొలవడానికి భారత మనోవైద్య సంఘం రూపొందించిన ఐడియాస్ అనే కొలమానాన్ని వాడుతున్నారు. స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, మాటలాడడం గ్రహించడం, పని అనే నాలుగు అంశాలకు విడివిడిగా మార్కులు వేస్తారు. వాటికి వ్యాధి ఎన్ని సంవత్సరాలుగా ఉన్నదన్నదాన్ని బట్టి మరికొన్ని కలుపుతారు. అంటే పెట్టె అడుగున పడి ఉన్న మొట్టమొదటి చీటీ, ఇక పనికిరాదని మనం భావించినది, నేరుగా లెక్కలోకి వస్తుంది. అయితే మిగిలిన నాలుగు అంశాలూ ఇప్పటి జీవితానికి సంబంధించినవి. వాటిని ఏ పాత కాగితమూ చెప్పలేదు, రోగితో కలిసి బ్రతుకుతున్నవారే చెప్పాలి. అందుచేత ఆనాడు వెంట వెళ్లవలసినది ఊళ్లో పలుకుబడి గల పెద్దమనిషి కాదు, రోజూ అన్నం పెట్టే మనిషి.

వీలున్నవారు పరీక్షకు ముందు ఒక్కసారి ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి.కి వెళ్లి రావడం అన్ని విధాలా మంచిది. జబ్బు పేరు, అది ఎప్పటి నుంచి ఉన్నది, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నారు అన్న మూడు సంగతులు చీటీ మీద రాయమని వినయంగా అడగవచ్చు. శాతం రాయమని అడగరాదు. అది బోర్డు పని.

"బాగానే ఉన్నానండి"

కాగితాల కంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఎలా ఉన్నావని పెద్దలు ఎవరైనా అడిగితే "మీ దయవల్ల బాగానే ఉన్నానండి" అనడం మన మర్యాద. వైద్యుడు అడిగినా నోటికి అదే మాట వస్తుంది. కష్టం చెప్పుకోవడం నామోషీ అనుకునేవారు, ముఖ్యంగా ఇంటి యజమానులు, కర్రను గుమ్మం బయట వదిలి, గోడ పట్టుకొని లోపలికి వస్తారు. ఉతికిన బట్టలు కట్టుకొని, భార్య చేత గుండీలు పెట్టించుకొని వచ్చిన మనిషిని చూసి, ఈయన తన పనులు తానే చేసుకుంటున్నాడని వైద్యుడు అనుకుంటే ఆయన తప్పేమున్నది? గుండీలు ఎవరు పెట్టారో చెప్పినవారు లేరు.

దీనికి విరుగుడు, ఒక తెల్లకాగితం మీద రోజు గడిచే తీరును ముందే రాసుకొని వెళ్లడం. చదువుకున్న పిల్లలు చేయగల గొప్ప సహాయం ఇది. ఉదయం లేచినప్పటి నుంచి ఏ పనికి ఎవరి సాయం కావలసి వస్తున్నది, ఎంతదూరం నడిచాక ఆగవలసి వస్తున్నది, నెలలో ఎన్ని రోజులు మంచం దిగలేకపోతున్నారు, చివరిసారి ఎప్పుడు పడిపోయారు అన్నది అంకెలతో రాయాలి. "నడవలేడు" అని రాస్తే, ఆ మనిషి నాలుగు అడుగులు వేయగానే కాగితం అబద్ధమవుతుంది. "రచ్చబండ దాకా నడిచి అక్కడ కూర్చుంటాడు, తిరిగి రావడానికి చేయి పట్టుకోవాలి" అని రాస్తే అది నిలుస్తుంది. మంచిరోజు ఎలా ఉంటుందో, చెడ్డరోజు ఎలా ఉంటుందో రెండూ రాయాలి. వైద్యుని వద్దకు ఎందుకు వెళ్లలేదో ఒక వాక్యంలో చెప్పడం కూడా అవసరం. "ఇక చికిత్స లేదని ఫలానా సంవత్సరంలో చెప్పారు", "పోయిరావడానికి ఒకరోజు కూలి పోతుంది" అన్నవి సిగ్గుపడవలసిన మాటలు కావు.

అతిశయోక్తి ఎంత మాత్రం పనికిరాదు. శాతం పెంచి ఇప్పిస్తామనే దళారులు శిబిరాల చుట్టూ తిరుగుతూ ఉంటారు. మోసంతో ఈ సదుపాయాలు పొందినవారికి రెండేళ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండూ గాని విధించవచ్చునని 2016 చట్టంలోని 91వ సెక్షన్ చెబుతున్నది. దళారి ఆ రోజు కనిపించడు.

హిందీ నుంచి తెలుగు చేయడం నా వృత్తి కావడంచేత ఒకసారి ఇటువంటి కాగితాల కట్ట నా వద్దకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక వ్యక్తి చాలా ఏళ్లు ఛత్తీస్‌గఢ్‌లో మిల్లు పని చేసి, అక్కడే పక్షవాతం వచ్చి, స్వగ్రామానికి తిరిగి వచ్చాడు. ఉన్నవల్లా మిల్లు డిస్పెన్సరీలో సెలవు కోసం ఇచ్చిన చీటీలు, అన్నీ హిందీలో, చివరిది కూడా ఎనిమిదేళ్ల నాటిది. వాటిలో ఒకదానిమీద "పహలే సే ఆరామ్ హై" అని ఉన్నది. హిందీ కొద్దిగా వచ్చిన బంధువు ఒకరు దాని పక్కన పెన్సిలుతో "ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడు" అని తెలుగులో రాసి పెట్టారు. ఆ మాటకు అది అర్థం కాదు. మునుపటి కంటె కొంత ఉపశమనం ఉన్నదని మాత్రమే. మూడు నెలల తరువాతి చీటీలో "లాఠీ కే సహారే", అంటే చేతికర్ర ఊతతో నడుస్తున్నాడని స్పష్టంగా ఉన్నది. పెన్సిలు రాత చెరిపించి, చీటీలను తేదీల వరుసలో పెట్టి, ఒక్కొక్కదానికి తెలుగు సారాంశం వేరే కాగితం మీద రాసి, కింద అనువదించినది నేనని సంతకం చేసి ఇచ్చాను. చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న జిల్లాలో కూడా పత్రానికి దరఖాస్తు చేయవచ్చునని నిబంధనలలో ఉన్నది. కాని వీరు వెళ్లినది డిస్పెన్సరీకే, పైగా అంత దూరం ప్రయాణం ఆయన చేయగలిగింది కాదు.

పరీక్ష రోజున ఆయన భార్య వెంట వెళ్లింది. అసలు కాగితాలు తన వద్ద ఉంచుకొని నకళ్లు మాత్రమే ఇచ్చింది. హాజరైనట్లు చీటీ అడిగి తీసుకున్నది. ఈ రెండు జాగ్రత్తలు ఎవరికైనా అవసరమే. పత్రం వెంటనే చేతికి రాదు. ఒక నెలలోగా ఇవ్వాలని మొదట ఉన్న గడువును 2024 అక్టోబరులో చేసిన సవరణ మూడు నెలలకు పెంచింది. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ కారణాల కాగితం లేకుండా అప్పీలు చేయడం కష్టం కాబట్టి, నోటిమాటతో సరిపెట్టుకొని ఇంటికి రాకూడదు. 59వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి మొరపెట్టుకోవచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో నోటీసులందుకున్నవారికి కూడా ఈ విధమైన అవకాశం కల్పించారు. కొత్త కాగితం ఏదీ అప్పటికీ దొరకకపోతే, మొదటి పరీక్షలో చూడకుండా వదిలినది ఏమిటో అప్పీలులో చెప్పాలి. ఆ రోజు ఏ చేయి పరీక్షించారు, నడిపించి చూశారా లేదా, వెంట వచ్చినవారిని ఏమైనా అడిగారా అన్న సంగతులు ఇంటికి రాగానే రాసి ఉంచుకుంటే అప్పుడు పనికివస్తాయి.

శ్రీకాకుళం మనిషికి అప్పీలు అవసరం కలగలేదు. వైద్యుడు చీటీల కంటె ఎక్కువసేపు ఆయన కుడిచేతినే చూశారనీ, గుండీ పెట్టుకోమని అడిగారనీ, అది ఆయన వల్ల కాలేదనీ భార్య చెప్పింది. ఐదేళ్ల గడువుతో పత్రం వచ్చింది. అది వచ్చిన వారానికి ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చి, తెలుగు సారాంశాల మరో ప్రతి కావాలని అడిగింది. ఈసారి గడువు ముగిసేదాకా ఆగకుండా ఆరునెలలకొకసారి ఓ.పి.కి తీసుకువెళ్లి, కొత్త చీటీలను కూడా ఆ కట్టలోనే చేరుస్తానన్నది.